స్టాప్ కేబుల్

పెంచలయ్య లారీలో పాత తీగలు
లెక్కపెడితే ముప్పై మూడు.
పుదుపేటలో తూకానికి కొనుక్కొచ్చిన జడలో
నూట అరవై పైనే.

మాధవరం షెడ్డులో, కత్తిరి ఎండలో
గోనెపట్టా పరిచి
చిక్కుతీసి పడుకోబెట్టాం దాన్ని.
"ఏందబ్బాయా, ఇన్నెందుకు?" అన్నాడు,
"హారనుకొకటి, లైటుకొకటి,
స్టార్టరుకొకటి. ఇంకేం కావాలి దీనికి?"

ఎన్నూరులో పుట్టిన బండి, తొంభై నాలుగు మోడలు.
గూడూరు తెల్ల ఇసుకని
గాజు ఫ్యాక్టరీలకి మోసి మోసి
ఇంజను నల్లగా దగ్గుతోంది.
ఇప్పుడొచ్చిన గుండెకాయ
తడ దాటాక బోల్తాపడ్డ ఇంకో లారీది.
దాని అద్దం లేదు, పైకప్పు లేదు,
డ్యాష్ మీద మాత్రం గీతైనా పడలేదు.
సొరుగులో ఎండిన నిమ్మకాయ,
సూళ్లూరుపేట టోలు చీటీ,
రాత్రి రెండూ నలభై.
చీటీని నేను మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఎందుకో అడక్కండి.

కొత్త డ్యాష్ నాలుగు వేళ్లు వెడల్పెక్కువ.
రేకు గోడ కోశాం. మౌంటింగులు వెల్డింగు పెట్టాం.
ఫ్యాను రేడియేటరుకి తగులుతుంటే
రేడియేటర్నే ముందుకి జరిపాం.
పదకొండు రోజులు.

ఒక మాట చెప్పాలి, పెంచలయ్యకి తెలియనిది.
ఎరుపూ గోధుమరంగూ నా కంటికి ఒకటే.
ముప్పై మూడు తీగలున్నప్పుడు
చేత్తో తడిమి చెప్పేవాణ్ణి ఏది దేనిదో.
ఇప్పుడు కదిర్ పక్కన కూచుని
మెల్లగా అంటాడు, "బ్రౌనుణ్ణే."
నేను మీటరు ముల్లు ఆనిస్తాను.
అది కీచుమంటే సరే,
లేకపోతే ఇంకోటి.
వాడు సెలవు పెడితే ఆ రోజు షెడ్డు తెరవను.

పన్నెండో రోజు సాయంత్రం తాళం తిప్పాను.
ముళ్లన్నీ ఒక్కసారిగా లేచి
చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి కూచున్నాయి.
"ఉయిరు ఇరుక్కణ్ణే!" అని అరిచాడు కదిర్.
అద్దంలో అంకెలు వెలిగాయి:
ఆరు లక్షల పన్నెండు వేల నాలుగువందల ఎనిమిది.

పెంచలయ్య కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు.
"ఇది నా లెక్క కాదే."
కాదు. ఆయన మీటరు కావలి దగ్గర నిలిచిపోయి
పదిహేడేళ్లు.
అప్పట్నుంచీ టైర్లతో లెక్కేసుకుంటున్నాడు దూరాన్ని.
"రిచీ వీధిలో ఇస్తే అంకె మార్చేస్తారు" అన్నాను.
చాలాసేపు ఆ అంకెనే చూశాడు.
"ఉండనీ. ఎవుడో తోలిందేగా."

ఒక దీపం మాత్రం ఆరలేదు.
పసుపురంగుది.
చక్రాల దగ్గర ఉండాల్సిన చెవుల కోసం అడుగుతోంది.
ఈ బండి చక్రాలకి చెవుల్లేవు, ఎప్పుడూ లేవు.
దానికి ఆ మాట చెప్పే తీగ నా దగ్గర లేదు.
నల్లటేపు చించి మీద అంటించాను.
చీకటి పడితే అంచుల్లోంచి
ఇప్పటికీ కనిపిస్తుంది.

అంతా అయ్యాక డబ్బులు లెక్కపెడుతూ ఆగాడు.
"స్టాప్ కేబుల్ ఏదబ్బాయా?"
తాళం వెనక్కి తిప్పితే ఆగిపోతుందన్నాను.
తిప్పి చూపించాను. ఆగింది.
తలూపాడు. కానీ ఎడమచెయ్యి
మోకాలి దగ్గర గాల్లో దేన్నో పట్టుకుని లాగింది.
ముప్పయ్యేళ్లు లాగిన చెయ్యి.

చెత్త డబ్బాలోంచి ఆ నల్ల గుబ్బని వెతికి తీశాను.
కిరసనాయిల్లో కడిగాను.
నిన్నగాక మొన్న వచ్చిన ప్లాస్టిక్కుకి
డ్రిల్లుతో కన్నం పెట్టడానికి చెయ్యి రాలేదు కాసేపు.
పెట్టాను.
వెనకాల జానెడు కేబులు, దాని కొస
దేనికీ తగలకుండా వేలాడుతోంది.
దానికి డబ్బు తీసుకోలేదు.

పోయే ముందు ఒకసారి స్టార్టు చేశాడు.
కొత్త ఇంజను సన్నగా, సభ్యంగా తిరుగుతోంది.
కుడిచేత్తో తాళం తిప్పాడు,
ఎడమచేత్తో గుబ్బ లాగాడు.

బండి ఆగింది.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.
కదిర్ నోరు తెరవబోయాడు.
నేను వాడి కాలు తొక్కాను.